కొత్త మిషన్‌కు ఒక మెడ

"చూ గారూ, రెండో గది. గొలుసు తీసి చేత్తో పట్టుకోండి."

రువాన్ మెయిడీ కేక ఆసుపత్రి వరండా చివరి బల్ల దాకా వెళ్ళింది. మైకు పాడై మూడేళ్ళయినా ఎవరూ బాగు చేయించలేదు. ఆమె ఉంది కదా. పేర్లు పిలవడం, స్కానింగ్ అయ్యాక మెడల మీది జిగురు తుడవడం, మధ్యలో గాజు సీసాలోని చామంతి టీ ఒక గుక్క తాగడం. హాంగ్‌జౌ నగరంలోని కంపెనీలు ఏటా బస్సుల నిండా ఉద్యోగుల్ని పరీక్షలకు పంపుతాయి. మెడలో ఆవగింజంత థైరాయిడ్ గడ్డ కనబడితే చాలు, మరుసటి నెలకి ఆ మెడ మీద ఎర్రటి కోత గీత.

మెయిడీ అక్క మెడలో బాతుగుడ్డంత గడ్డ ఉండేది. సముద్రపు నాచు తింటే కరుగుతుందని అమ్మ రెండేళ్ళు పులుసు కాచి పోసింది. అక్క ఊపిరాడక పోయింది. అప్పుడు చూసినవాడు లేడు, ఇప్పుడు చూడనివాడు లేడు. తలుచుకుంటే మెయిడీకి ఒళ్ళు మండేది.

పోయిన నెల కొత్త స్కానింగ్ మిషన్ అమ్మడానికి వచ్చినతను చూపించడానికి ఒక మెడ కావాలన్నాడు. "రువాన్ అక్క ఉందిగా" అన్నారు తోటి పనివాళ్ళు. ఆమె నవ్వుతూ పడుకుంది. మిషన్ భేషుగ్గా పనిచేసింది, ఆమె మెడలోనూ ఒక చిన్న గడ్డ చూపించింది. సూది పరీక్షలో క్యాన్సరేనని తేలింది.

"నాలుగు మిల్లీమీటర్లక్కా" అన్నాడు డాక్టర్ పాన్. "ఆరునెలలకోసారి చూసుకుంటే చాలు. కోత అన్నాక గొంతు నరానికి ఎంతో కొంత ప్రమాదం."

మధ్యాహ్నం భర్త జిన్‌గెన్ మళ్ళీ ఫోన్ చేశాడు.

"మీ అక్కను చూసి కూడా ఆగుతానంటావా? నాకు నిద్ర పట్టట్లేదు."

"నీ నిద్ర కోసం నా గొంతు కోయించుకోవాలా?"

"ఆ, కోయించుకో."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"సరే, ఏడవకు" అంది విసుగ్గా. "రేపే ఆపరేషన్‌కి చేరతాను. ముందు అన్నం తిను."

సాయంత్రం చివరి పేరు పిలిచి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. జిన్‌గెన్ కంటి నిండా నిద్రపోతున్నాడు. మెయిడీకి మాత్రం గుసగుస తప్ప గొంతు తిరిగి రాలేదు. ఆమె కూడా పనిలోకి రాలేదు. వారంలోనే మైకు బాగు చేయించారు.

కిటికీ గట్టు మీద ఆమె గాజు సీసా అలాగే ఉంది, మూత బిగించి, సగం టీతో. చామంతులు అడుక్కి దిగిపోయాయి.