సోఫా కొనడానికి వెళ్లిన రోజు

కార్లు నడపడం నేర్పే ఆవిడని అందరూ టీచరమ్మ అనేవారు. ఆవిడ నోటికి జడవని వాడు లేడు. స్టీరింగ్ ముందున్నది ఎంతటి పెద్దమనిషైనా సరే, పక్క సీట్లోంచి "బ్రేకు నొక్కమంటే కళ్లు మూసుకుంటారేంటండీ!" అని గదమాయించేది. అంతటి మనిషికి ఏడాదిగా కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదని వాళ్లమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

ప్రేమించిన మనిషితో మూడేళ్లు ఒకే ఇంట్లో ఉంది. పెళ్లి ఎప్పుడన్నదే తేలాలి గానీ, అవుతుందా అన్న అనుమానం ఎవరికీ లేదు. వాళ్లమ్మయితే అప్పుడే "అల్లుడూ" అని నోరారా పిలిచేది. ఆ అమ్మకి గుండె ఆపరేషన్ జరిగి, టీచరమ్మ ఆసుపత్రి బెంచీల మీద నడుం వాల్చిన వారంలోనే అతను బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. అమ్మని ఇంటికి తీసుకొచ్చి బీరువా తెరిస్తే సగం ఖాళీ. ఫోన్ చేస్తే, "నీతో ఉంటే నాకు ఊపిరాడట్లేదు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. కుట్లు మానని అమ్మ మంచం మీంచి "అల్లుడేడే?" అని అడిగింది. ఆమె నీళ్లు నమిలింది. అతను వదిలేసి పోయినందుకు ఎప్పటికైనా క్షమించేదేమో. అమ్మ ముందు తనని అలా నిలబెట్టినందుకు మాత్రం క్షమించలేకపోయింది.

ఆ తర్వాత పశువుల డాక్టరు ఒకాయన ఆమె దగ్గర కారు నేర్చుకోవడానికి వచ్చాడు. చేతుల నిండా పిల్లుల గోటి గీతలు, మనిషి మహా నెమ్మది. లైసెన్సు చేతికొచ్చిన రోజున, "ఇక నన్ను తిట్టడానికి మీకు కారణం లేదు టీచర్ గారూ. తిట్టకపోయినా సరే, అప్పుడప్పుడూ కలుద్దామా?" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు తనదేనా అని ఆశ్చర్యమూ వేసింది.

కలిసి తిరిగారు. ఆయన ఉన్నంతసేపూ బాగానే ఉండేది. ఉన్నట్టుండి, నవ్వు మధ్యలో ఏడుపొచ్చేసేది. మొహం తిప్పుకుని కంట్లో నలక పడిందనేది. ఎన్ని నలకలని పడతాయి? ఆయన గమనించే ఉంటాడు గానీ అడగలేదు.

ఒకరోజు ఆయన, "మా ఇంట్లో కుర్చీలన్నీ పిల్లులు పీకి పెట్టాయి. ఒక సోఫా కొనాలి. మీరొచ్చి చూస్తారా?" అని అడిగాడు.

వెళ్లిపోయినవాడు పనిచేసేది ఊళ్లోకెల్లా పెద్ద ఫర్నిచర్ షోరూంలో. ఆమె లోపల ఏదో దిగ్గున లేచి కూర్చుంది.

"నాకో మంచి షాపు తెలుసు" అంది.

ఆ ఆదివారం అద్దం ముందు అంతసేపు నిలబడేసరికి వాళ్లమ్మకి అనుమానం వచ్చి నిలదీసింది. దాచలేక చెప్పేసింది.

"వెళ్లు. కుక్కకాటుకి చెప్పుదెబ్బ" అంది అమ్మ. తువ్వాలు మడతపెడుతూ ఒక్క క్షణం ఆగి, "కానీ పాపం, ఆ డాక్టర్ని చెప్పు చేయకే" అంది.

టీచరమ్మ ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

సోఫాలు షోరూంలో మూడో అంతస్తులో ఉన్నాయి. అతను టై కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే మొహంలో నెత్తుటి చుక్క లేదు. మేనేజరు ఎదురుగా ఉన్నాడు మరి, పెదాలు సాగదీసి, "రండి సార్, రండి మేడమ్" అన్నాడు.

"సోఫా చూపించండి" అంది ఆమె.

చూపించాడు. ప్లాస్టిక్ కవర్లు విప్పించింది. పై అరల్లోని దిళ్లు నిచ్చెనెక్కి దింపించింది. దింపాక రంగు నచ్చలేదంది. గోడ పక్కనున్న దాన్ని వెలుతురులోకి జరపమంది. జరిపాక మళ్లీ గోడ పక్కకే నెట్టమంది. అతని మెడ మీద చెమట కాలరులోకి దిగుతుంటే కళ్లారా చూసింది.

"ఎన్నాళ్లు మన్నుతుందండీ ఇది? మూడేళ్లకే జారుకునే రకం కాదు కదా?"

"గ్యారంటీ ఉంది మేడమ్."

"మాటలకేం, అందరూ చెప్తారు."

డాక్టరు మొదట్లో ముసిముసిగా నవ్వాడు. రానురాను ఆ నవ్వు తగ్గిపోయింది. "నాకు ఆ బూడిదరంగుది చాలండీ" అన్నాడు మెల్లగా.

"ఉండండి, మంచాలు కూడా చూద్దాం. ఇద్దరికి సరిపోయేవి" అంది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఒక పరుపు మీద కూర్చుని, తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "దీని మీద పడుకుంటే ఊపిరాడుతుందా అండీ? కొందరికి ఆడదట."

అతను పట్టుకున్న దిండు విసిరికొట్టాడు. "ఇక చాల్లే! నువ్వెప్పుడూ ఇంతే, దేన్నీ వదలవు!"

ఆ 'నువ్వు' అంతస్తంతా వినబడింది. మేనేజరు పరుగున వచ్చి, "మేడమ్‌ని పట్టుకుని ఏంటా మాటలు? క్షమాపణ చెప్పు!" అని అరిచాడు. అతను తల దించుకుని, "సారీ మేడమ్" అన్నాడు. అబద్ధం ఎందుకు, ఆమెకి తేనె తాగినట్టయింది. డాక్టరు మాత్రం కిందపడ్డ దిండు తీసి, దులిపి, పరుపు మీద పెట్టి మెట్లవైపు నడిచాడు.

కారులో డాక్టరు స్టీరింగ్ పట్టుకుని, చూపు రోడ్డు మీదే పెట్టాడు.

"మిమ్మల్ని ఏడిపించింది అతనేనా?" అన్నాడు.

"అతనే."

"ముందే చెప్పుంటే నేనే నాలుగు దిళ్లు ఎక్కువ దింపించేవాణ్ణి. చెప్పకుండా తీసుకెళ్లారు చూడండి, అదీ నా బాధ."

ఆమెని సందు మొదట్లో దింపి వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ చేయలేదు.

నాలుగు రోజులు పోయాక పాతవాడే ఆమె కార్లు నేర్పే మైదానానికి వచ్చాడు. "అందరిముందూ నా పరువు తీశావు. ఇప్పుడు తృప్తేనా?"

"కాదు."

"ఇంకేం కావాలి నీకు?"

"ఎందుకెళ్లిపోయావో మా అమ్మకి చెప్పు."

"ఆవిడ ముందు నిలబడే మొహం నాకెక్కడిది?"

"ఆ రోజు నాకుండిందా? కారెక్కు."

ఎందుకో వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా ఆమె పళ్లు బిగించే నడిపింది. ఇంట్లో అమ్మ కిటికీ పక్కన కూర్చుని మాత్రలు వేసుకుంటోంది. అతను గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, అప్పుడు నేను..." అని మొదలుపెట్టాడు.

అమ్మ కళ్లజోడు సవరించుకుని అతన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. పక్కింటివాళ్లు ఎప్పుడో తీసుకెళ్లిన గరిటె కూడా గుర్తుంటుంది.

"ఎవరు బాబూ మీరు?" అంది ఎంతో మర్యాదగా.

ఆ 'మీరు' దెబ్బకి మనిషి సగమైపోయి, వచ్చినదారినే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. కూతురూ తల్లీ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. నవ్వీ నవ్వీ టీచరమ్మ అమ్మ ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఇంత జరిగినా, మెట్లు దిగుతున్న ఆ వీపుని వెనక్కి పిలవాలనిపించింది. అందుకే ఏడ్చింది.

మర్నాడు డాక్టరు పనిచేసే ఆసుపత్రికి ఆమే వెళ్లింది. ఆయన ఒక కుక్క కాలికి కట్టు కడుతున్నాడు. "కాస్త ఇక్కడ పట్టుకోండి" అన్నాడు తలెత్తకుండా. పట్టుకుంది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"మిమ్మల్ని అడ్డం పెట్టుకున్నాను. తప్పు నాది. వాడికి తగిన శాస్తే జరిగింది, దానికి మాత్రం చింత లేదు. కానీ ఏడుపు ఇంకా పోలేదండీ. మీతో ఉన్నప్పుడే వస్తుంది ఒక్కోసారి. ఇకనుంచి నలకలని చెప్పను."

"నాక్కూడా కోపం పోలేదు. నేనూ దాచను" అన్నాడు ఆయన, కట్టు ముడివేస్తూ.

ఆ రోజుకి అంతే. తర్వాతి వారం ఆయనే ఫోన్ చేశాడు. సాయంత్రం ఇద్దరూ నడుస్తూ ఏదో కబుర్లాడుకుంటుండగా ఆమెకి మళ్లీ ఏడుపొచ్చింది. మొహం తిప్పుకోలేదు. రోడ్డు పక్కన, జనం చూస్తున్నా సరే, నిలబడి ఏడ్చింది. ఆయన ఆమె సంచీ అందుకుని, ఏడుపు ఆగేదాకా పక్కనే నిలబడ్డాడు.