సిద్ధరాములు జీపు కార్చని నూనె

దాజీ పేట్‌లో నాలుగు పవర్‌లూములున్న సిద్ధరాములు ఎనభై ఆరులో మిలిటరీ వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. గుట్టలెక్కుతుంది, వాగులు దాటుతుంది, ఎంత బురదలోనైనా దిగబడదు. దాన్ని అతను రోజూ ఇంటి నుంచి కొంతం చౌక్ దాకా నడిపి, అక్కడ చాయ్ తాగి, తిరిగి ఇంటికి తెచ్చేవాడు. మధ్యలో దాటాల్సిన పెద్ద అడ్డంకి మునిసిపాలిటీ మురికినీళ్ల మోరీ ఒక్కటే.

తన గుమ్మం ముందు చోటు లేక జీపును పక్కింటి గంగుబాయి వాకిట్లో నిలిపేవాడు. గంగుబాయి భర్త పోయాక మిగిలిన ఒక్క చేతిమగ్గాన్నీ నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడు బీడీలు చుట్టేది. ఒక ఉదయం ఆమె వెదురు మీద చుట్టలుగా ఆరేసిన నూలు చిలపల్లో రెండు గాలికి జారి జీపు ముందుచక్రం పక్కన పడ్డాయి. తీసి చూస్తే తెల్లటి నూలు మీద నల్లటి మరకలు.

జీపు నూనె కారుతోందని ఆమె అంది. తన బండి చుక్క కూడా కార్చదని సిద్ధరాములు అన్నాడు. ఈ పేటలో మనుషుల చెప్పులకు కూడా మగ్గం నూనె అంటుకునే ఉంటుందనీ, దానికి తన బండి ఏం చేస్తుందనీ వాదించాడు. మాట పెరిగి విషయం కులపెద్ద రాజారాం దగ్గరికి పోయింది.

రాజారాం కుంఠా నాకా నుంచి మెకానిక్ పెంటప్పను పిలిపించాడు. పెంటప్ప సిద్ధరాములు భార్య ద్రౌపదికి తమ్ముడు. అయినా పనిలో నిఖార్సైన మనిషని పేరు. అతను జీపు కిందికి దూరి, ఎడమ ముందుచక్రం లోపలి వైపు వేలితో తుడిచి, బొటనవేలితో రుద్ది చూశాడు. బయటికొచ్చి జనానికి వివరించాడు.

"బ్రేకు నూనె అయితే నీళ్ల లెక్క పల్చగుంటది, పెయింటు లేపుతది. మగ్గం నూనెకు వాసన ఉండదు. ఇరుసుల పోసే గేరు నూనె మాత్రం గంధకం కంపు కొడతది. నూలు వాసన జూడుండ్రి, మీకే తెలుస్తది."

న్యాయమైన పరీక్షే. చిలప రాజారాం చేతికి వెళ్లింది. ఏళ్ల తరబడి నశ్యం పీల్చిన ముక్కు దగ్గర ఆయన దాన్ని చాలాసేపు పెట్టుకున్నాడు. తర్వాత ఏ వాసనా లేదని, కనుక ఇది మగ్గం నూనేనని తేల్చాడు. గంగుబాయి తనకు కంపు తెలుస్తోందంది. ఫిర్యాదు చేసిన మనిషి ముక్కు సాక్ష్యానికి పనికిరాదని పెద్దలు అన్నారు. పెంటప్ప నోరు తెరవబోయాడు. అక్క వైపు చూసి మూసుకున్నాడు.

సిద్ధరాములు కులదైవం మార్కండేయుడి మీద ఒట్టేసి తన జీపు నూనె కార్చదని అందరి ముందూ చెప్పాడు. పరువుగల మనిషి మీద నింద వేసినందుకు గంగుబాయి క్షమాపణ చెప్పుకోవాలన్నారు. ఆమె చెప్పి, వెదురును ఇంటి వెనక్కి మార్చుకుంది.

మరుసటి రోజు పెంటప్ప బావను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. చక్రం నడుమ హబ్బులో నూనె బయటికి రాకుండా ఆపే సీలు అరిగిపోయింది. చక్రాన్ని పైకీ కిందికీ ఊపితే లోపల బేరింగు కూడా వదులుగా కదులుతోంది. ఇలాగే వదిలితే నూనె బ్రేకు పట్టీల మీదికి పోతుంది. వెంటనే విప్పాలి.

"ఇప్పితె పేటంత జూస్తది. కారని బండికి రిపేరేందని అడిగితె ఏం జెప్పాలె?" అన్నాడు సిద్ధరాములు.

గెలిచిన కేసు అతని మెడకు చుట్టుకుంది. తెల్లవారకముందే లేచి, నూనె పీల్చేందుకు రాత్రి జీపు కింద పరిచిన తువ్వాళ్లను తీసి దాచేవాడు. అవన్నీ తన మగ్గాల మీద నేసినవే. ఇరుసులో నూనె తగ్గిందేమో చూసి దొంగచాటుగా పోసేవాడు. బండిని ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని ఎక్కడా చూడలేదని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు.

చివరికి ఉపాయం తోచింది. తుల్జాపూర్‌లో పెంటప్పకు తెలిసిన షెడ్డు ఉంది. అక్కడైతే ఎవరూ చూడరు. కొత్త సీలు సంచిలో వేసుకుని బావా బామ్మర్దీ పొద్దున్నే జీపెక్కారు. ఎక్కడికని ఎవరో అడిగితే ద్రౌపది అమాయకంగా తుల్జాపూర్‌కని చెప్పింది. అక్కడి గుడిలో భవాని దర్శనానికి జీపు పోతోందన్న కబురు గల్లీ అంతా పాకింది. చూస్తుండగానే వెనక సీట్లు నిండాయి. రాజారాం ముందుసీట్లో కూర్చున్నాడు. ద్రౌపది మొహమాటానికి గంగుబాయిని కూడా పిలిచింది. ఆమె వచ్చింది.

తుల్జాపూర్‌లో అందరూ గుడికి పోతే చక్రం విప్పవచ్చని పెంటప్ప ఆశపడ్డాడు. కానీ పల్లంలో ఉన్న గుడికి మెట్లు దిగడానికి మోకాళ్లు సహకరించవని రాజారాం జీపులోనే ఉండిపోయి, హాయిగా కునుకు తీశాడు. న్యాయమూర్తి కూర్చున్న బండికి జాకీ పెట్టడం ఎలాగో వాళ్లకు తెలియలేదు.

తిరుగుదారిలో కొండ ఘాటు దిగుతుండగా సిద్ధరాములు బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రం పట్టలేదు, కుడిది పట్టింది. జీపు కుడివైపు లాక్కుపోయి, రోడ్డు పని కోసం పోసిన మొరం కుప్పలోకి మూతి పెట్టి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అందరూ దిగి చూసేసరికి ఎడమ చక్రం లోపలి నుంచి టైరు పొడవునా నూనె ధార కట్టి ఉంది.

గంగుబాయి వంగి, ఆ నూనెను వేలికి తీసుకుని, వాసన చూసింది.

"మగ్గం నూనెనే," అంది నెమ్మదిగా. "పెద్దలు జెప్పిండ్రు గద."

పెంటప్ప ఇక ఆగలేదు. అక్కడే జాకీ పెట్టి చక్రం విప్పాడు. సీలు రబ్బరు పెంకులా గట్టిపడి ఉంది. సీలు కూర్చునే చోట ఇరుసు మీద గోరు దిగేంత గాడి పడింది. ఇరుసు లోపలి వేడిగాలి పోవాల్సిన చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయి, ఆ గాలి నూనెను బయటికి తోస్తోంది. గొట్టం శుభ్రం చేసి, కొత్త సీలును గాడికి కొంచెం పక్కగా కూర్చోబెట్టి, బ్రేకు పట్టీలను పెట్రోలుతో కడిగాడు. ఇవన్నీ సిద్ధరాములు పక్కనే నిలబడి చూశాడు. తల ఎత్తలేదు.

రాజారాం మాత్రం దారి పొడవునా ధైర్యం చెప్పాడు. ఇది ఘాటు ఎక్కడం వల్ల ఇవాళే పుట్టిన జబ్బనీ, పాత తీర్పుకూ దీనికీ సంబంధం లేదనీ అన్నాడు. ఆ మాటను పట్టుకుని బయటపడే వీలు సిద్ధరాములుకు దొరికింది. కానీ ఇంటికి చేరాక అన్నం కంచం పక్కకు జరిపాడు. లేచి గంగుబాయి ఇంటికి పోయాడు. ఆమె బీడీలు చుడుతోంది.

"అక్కా, ఆ నూనె నా బండిదే."

"ఎరుకే తమ్మీ. నీకు ఎరుకని గూడ నాకు ఎరుకే." ఆమె చేతులు ఆగలేదు. "నాకు జెప్పుడు కాదు. నన్ను నిలబెట్టిన కాడ జెప్పు."

అతను ఒప్పుకున్నాడు. ఆదివారం అదే చోట, అదే జనం ముందు నిలబడి, తన జీపు మొదటి నుంచీ నూనె కారుస్తోందని, ఒట్టు అబద్ధమని, గంగుబాయి మాటే నిజమని చెప్పాడు. చెప్పాక గుండె తేలికపడింది.

రాజారాం ఒక చిటికెడు నశ్యం ఎక్కించి ఆలోచించాడు. నిండు సభ ఇచ్చిన తీర్పును ఒక్క మనిషి వచ్చి తప్పని అనడం సభకు అవమానమన్నాడు. మిగిలిన పెద్దలు తలలూపారు. తన జీపు మీద తానే నింద వేసినందుకు సిద్ధరాములు సభకు క్షమాపణ చెప్పుకోవాలన్నారు.

సిద్ధరాములు ఒకసారి గంగుబాయి వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం నవ్వుకు కదులుతున్నాయి. అతను చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు.