ఫోల్డర్‌లో తమ్ముడు

డీవీడీలో సినిమా ఒక గదిలో ఉంటుంది, మిగతా ఫైళ్లు ఇంకో గదిలో ఉంటాయి. టీవీకి సినిమా గది ఒక్కటే తెలుసు. కంప్యూటర్ అయితే రెండూ తెరుస్తుంది. మా షాపుకొచ్చే వాళ్లకి ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

సైకిల్ షాపాయన సంచీ నిండా పాత వీడియో క్యాసెట్లు తెచ్చాడు. అన్నీ చిన్నప్పుడు వాళ్ల నాన్న తీసినవి. అన్నిటినీ ఒక డీవీడీ చేసి వాళ్లమ్మకి ఇస్తాడట. అంతవరకూ బాగానే ఉంది.

"మా తమ్ముడు కనబడ్డ చోటల్లా కత్తిరించేయండి," అన్నాడు.

"అదేంటండీ?"

"వాడికీ నాకూ మాటల్లేవు. మా ఇంట్లో వాడి మొహం కనబడకూడదు."

నాకెందుకొచ్చిన గొడవ అనుకుని పనిలో కూర్చున్నాను. తమ్ముడు అన్నకి తోక. అన్న సైకిల్ తొక్కితే వెనక వాడే, అన్న ఈతకి దిగితే గట్టున తువ్వాలు పట్టుకుని వాడే. వాణ్ణి తీసేస్తుంటే అన్న కూడా సగం పోతున్నాడు. ఒళ్లు మండింది. పెద్దయ్యాక వచ్చిన పంతానికి పసివాణ్ణి కోయడం ఏం న్యాయం? అయినా పని పనే కదా, కోశాను.

డిస్క్ రైట్ చేయబోతుండగా వాళ్లమ్మ వచ్చింది, చేతికర్ర పట్టుకుని ఆయాసపడుతూ.

"అమ్మాయ్, మా చిన్నాణ్ణి తీసేస్తున్నావటగా. పెద్దాడికి తెలీకుండా ఏ మూలో ఉంచు తల్లీ. వాడి మొహం చూసి ఏళ్లయింది."

"అలాగే పిన్నిగారూ. వేరే ఫోల్డర్‌లో వేస్తాను. టీవీలో రాడు, ఎవరి కంప్యూటర్‌లోనైనా పెట్టించుకుని చూడండి."

ఆవిడ తలూపింది. తలూపిన వాళ్లందరికీ అర్థమైతే నా బతుకు ఇలా ఎందుకుంటుంది?

కోసిన ముక్కలన్నీ ఫోల్డర్‌లో పెట్టి, సినిమాతో పాటే రైట్ చేశాను. సైకిల్ షాపాయన మా షాపు టీవీలో డిస్క్ మొత్తం చూసుకున్నాడు. తమ్ముడి జాడ లేదు. "భేష్" అని పట్టుకెళ్లాడు.

కొన్నాళ్లకి ఆ డిస్క్‌తోనే తిరిగొచ్చాడు.

"ఇది పాడైందేమో చూడండి," అన్నాడు. "మా అమ్మ రోజూ పెట్టుకుంటుంది. అయిపోయినా లేవదు. ఖాళీ టీవీ ముందు అలాగే కూర్చుంటుంది. ఆపబోతే, 'ఉండరా, ఇంకా ఉంది' అంటుంది. అన్నానికి పిలిచినా రాదు. ఇందులో ఇంకేమైనా రావాలా?"

నేను చెప్పిన ముక్క ఆవిడకి ఎక్కనేలేదు. సినిమా అయ్యాక చిన్నవాడు వస్తాడనుకుని, పాపం, రోజూ కూర్చుంటోంది. ఏదో అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ, చెప్పబుద్ధి కాలేదు. డిస్క్ కంప్యూటర్‌లో పెట్టి ఫోల్డర్ తెరిచాను.

"అమ్మగారు అడిగారు, నేను వేశాను. తిట్టాలంటే నన్ను తిట్టండి," అన్నాను.

తెర మీద పెద్దవాడు గుమ్మంలో గొంతుక్కూర్చుని చిన్నవాడికి బూట్లు తొడుగుతున్నాడు. చిన్నవాడు కుదురుగా ఉంటేగా! పెద్దవాడు వాడి నెత్తిన ఒక్కటిచ్చి, మళ్లీ లేసు కట్టాడు.

ఆయన నిలబడి చూశాడు. తర్వాత స్టూలు లాక్కున్నాడు. ముక్కలన్నీ అయిపోయేదాకా లేవలేదు.

"ఇవి టీవీలో రావా?" అన్నాడు చివరికి.

"రావండీ. సినిమాలో కలిపి కొత్త డిస్క్ చేయాలి."

"చేయండి."

"ఎక్కడ కలపమంటారు? చివర్లోనా?"

ఆయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"మొదట్లోనే పెట్టండి," అన్నాడు. "ఇంకా ఎంతసేపని కూర్చుంటుంది?"