చేతులకు సెలవు

చలికాలం రెండు నెలలు చేతులకు సెలవిచ్చి, కాళ్లూ నడుమూ గట్టి చేసుకోమన్నాడు కోచ్ మామయ్య. నిరుడు వాటర్ స్కీయింగ్ పోటీలో ఆఖరి మలుపులో తాడు పిడి జారవిడిచిన మేనల్లుడికి ఆ మాట చెవికెక్కలేదు. మామయ్యకు తెలియకుండా గుమ్మానికి తాడు కట్టుకుని రోజూ వేలాడాడు.

ఎండలు రాగానే సరస్సులో దిగాడు. పడవ లాగిందో లేదో, మోచేతుల్లో నిప్పు పెట్టినట్టయింది. మలుపుకు గుర్తుగా నీళ్లపై తేలే మొదటి బోయా దగ్గరే పిడి ఊడిపోయింది.

మామయ్య పడవ తిప్పుకొచ్చి, అతడి మోచెయ్యి నొక్కి చూశాడు.

"గబ్బిలంలా వేలాడావా ఏంట్రా?"

"పట్టు పెరుగుతుందని, మామయ్యా. మరి ఈ ఏడు పోటీ?"

"ముందు మంచినీళ్ల గ్లాసు పట్టుకో, చూద్దాం."

ఆ వేసవంతా అతడు పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, తాడు పట్టుకుని వెనక వచ్చేవాళ్లలో ఎవరు నీళ్లలో పడ్డా మామయ్యకు చెబుతూ గడిపాడు.