కందికల్లంల నేర్చిన దెబ్బ

మొగులమ్మ కొట్టిన బంతికి ఎదురు నిలవాలంటే గుండె ధైర్యం కావాలె. పెద్దేముల్ పిల్ల, పందొమ్మిదేండ్లది. హాకీ కర్ర ఎత్తిందంటే అవతలి ఆడపిల్లలు కాళ్లు కాపాడుకునేటోళ్లు. ఇదంతా మామూలు ఆటల. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే మాత్రం కథ మారేది. గీత మీదికెళ్లి ఒకామె బంతి తోయాలె, ఇంకొకామె ఆపాలె, మొగులమ్మ కొట్టాలె. అంతల్నే ఎదురుటోళ్లు ఉరికొచ్చి మీద పడేటోళ్లు, బంతి వాళ్ల కర్రలకు తగిలి ఎటో పోయేది.

సికింద్రాబాద్‌ల రైల్వేటోళ్ల సెలక్షన్ దగ్గరపడ్డది. కార్నర్ కొట్టేటామె కోసమే చూస్తున్నరట. ఎంపికైతే నౌకరి, కాకుంటే కూలి. మధ్యల ఇంకో తొవ్వ లేదు. ఆ ఫికర్‌తోని మొగులమ్మకు అన్నం సయిస్తలేదు.

ఆమెకు ఆట నేర్పింది వికారాబాద్‌ల డ్రిల్ టీచర్ దిల్షాద్. నోరు చెడ్డది గానీ మనసు మంచిది.

"ఈ కర్రనే బాగలేదు టీచర్" అన్నది ఒకనాడు మొగులమ్మ.

"అవునవును, ఆడలేక మద్దెల ఓడన్నదట నీయసొంటిదే" అన్నది దిల్షాద్. అన్నదే గానీ, ఆమెకూ తప్పెక్కడున్నదో దొరుకుతలేదు. దొరకకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

దిల్షాద్ తమ్ముడు గఫూర్‌కు తాండూరుల వీడియో దుకాణం. పెండ్లిళ్లకు క్యామెరా పట్టుకపోతడు. అక్క పోరు పడలేక, విదేశపు ఆడోళ్లు ఆడిన హాకీ క్యాసెట్ ఒకటి ఎవరినో బతిమాలి తెప్పించిండు. మొగులమ్మ దాని ముందల కూసోని, వాళ్లు చేతులు దగ్గరగ పట్టుకునుడు, ముందటి కాలు బంతి పక్కకు ఏసుడు, అన్నీ దించుకున్నది. మైదానంలకు పోతే మళ్ల అదే వరస. ఆఖరుకు గఫూర్ తన పెండ్లి క్యామెరాతోనే ఆమె ఆట కూడ తీసిండు.

ముందు ఆ క్యాసెట్ పెట్టిండు, తర్వాత ఈ క్యాసెట్. బటన్ నొక్కి బొమ్మను ఆపితే తెల్లగీతలు కొట్టుకుంట వణికింది. అయినా కానొచ్చింది. విదేశపామె కర్ర పైకి లేసింది, లేసినట్టే దిగింది. మొగులమ్మ కర్ర పైకి లేసింది, అక్కడ్నే నిలబడ్డది. మొగులమ్మ గదుమ ఎత్తి ఎదురుంగ చూసింది. అప్పుడు కర్ర దిగింది.

"గా చూపేంది? ఎవరి కోసం చూస్తున్నవ్?" అన్నది దిల్షాద్.

"ఎవరి కోసం లేదు టీచర్."

"మరి అక్కడేమన్న నీ మేనమామ నిలబడ్డడా?"

గఫూర్ నవ్విండు. మొగులమ్మకు నవ్వు రాలే. ఆ గదుమ ఎత్తుడు ఆమెకు ఎరుకే. కందికల్లంల అమ్మ ఎంకమ్మ ఎదురుంగ నిలబడ్తది. కుప్పకు అటు ఒకరు, ఇటు ఒకరు. అమ్మ కర్ర పడ్డంకనే తన కర్ర పడాలె. ఇద్దరూ ఒక్కసారే కొట్టిన్రంటే కర్రలు తాకి చేతి ఏళ్లు నలుగుతయి. చిన్నప్పటి సంది అదే అలవాటు. మొక్కై వంగనిది మానై వంగుతదా అని మనసు చిన్నబోయింది.

ఆ మాపటి జాముకే కల్లం కాడికి పోయింది. "అమ్మా, నీ దెబ్బ కోసం ఆగుడే నా ఆట చెడగొడుతున్నది" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

ఎంకమ్మ చేతుల కర్ర కిందికి దించింది. "నా దెబ్బ కోసమా? కంది కొట్టేటోళ్లు ఎవరన్న ఆగుతరా బిడ్డా? అగో, పక్క కల్లంల మొగులప్పోళ్లను చూడు, దెబ్బకు దెబ్బకు నడుమ సందిస్తున్నరా? నువ్వు చిన్నగున్నప్పుడు నీకు కర్ర లేసేదే కాదు. నీ ఏళ్ల మీద ఏడ పడ్తదోనని నేనే పైన ఆపి, నీ దిక్కు చూసి, అప్పుడు కొట్టేదాన్ని. నన్ను చూసుకుంట నువ్వు నేర్చినవ్."

కర్ర పట్టుడు, ఎత్తుడు, నడుం తిప్పుడు, అన్నీ మొగులమ్మ అమ్మను చూసే దించుకున్నది. అమ్మ భయాన్ని కూడ అట్లనే దించుకున్నది. అది భయమని తెలువక, అదే పనితనమనుకున్నది.

"ఇగ నీ ఎదురుంగ నేను నిలవ" అని ఎంకమ్మ పోయి గట్టు మీద కూసున్నది. "ఒక్కదానివే కొట్టు."

మొగులమ్మ ఎత్తింది. చెయ్యి ఆగింది. "నేనీడున్న. అటెందుకు చూస్తవ్?" అని కసిరింది తల్లి. మళ్ల ఎత్తింది, మళ్ల కసురుడే. పొద్దు గూకేదాంక కసురుకుంటనే ఉన్నది.

సెలక్షన్ నాడు మొదటి కార్నర్ ఎప్పటి లెక్కనే పోయింది. చెయ్యి ఆగింది, ఎదురుటోళ్లు మీద పడ్డరు. ఎంపిక చేసే పెద్దమనిషి మొఖం ముడుచుకున్నడు. "ఇంకొక్కటి, అంతే" అన్నడు. గీత అవతల దిల్షాద్ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

బంతి వచ్చింది. కర్ర లేసింది. మెడ తనంతట తనే పైకి గుంజుతున్నది. అవతల అమ్మ లేదు, అమ్మ లేదు, అని మొగులమ్మ లోపల్నే ఒర్రింది. కొట్టింది. ఎదురుటోళ్లు సగం దూరం రాకముందే గోల్ ఎనక పలక ధన్‌మన్నది.

పెద్దమనిషి లేసి ఆమె పేరడిగి రాసుకున్నడు. దిల్షాద్ ఉరికొచ్చి కావలించుకునేసరికి మొగులమ్మ ఎక్కెక్కి ఏడుస్తున్నది.

"పిచ్చిదానా, నౌకరొచ్చింది, ఏడుస్తవేంది?"

"మా అమ్మ ఇగ ఒక్కతే కొట్టాలె టీచర్, కంది" అన్నది మొగులమ్మ.