గడప మీద బాలింత

చౌడేశ్వరి నాలుగు నెలలుగా గోడతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడడం లేదని ఆమె అత్త గంగక్క ఊరంతా చెప్పుకొచ్చింది. అందులో కొంచెం అబద్ధం ఉంది. చౌడేశ్వరి గోడతో కూడా మాట్లాడడం లేదు.

ఏడో నెల కడుపు. తల దువ్వుకోదు, కంటిమీద రెప్ప వేయదు. సంగటి ముద్ద ముందు పెడితే వేలితో నాలుగు గీతలు గీసి లేచిపోతుంది. కళ్యాణదుర్గం పక్కనున్న ఆ గొర్రెల కాపర్ల ఊళ్ళో ఇలాంటిదానికి ఒకటే పేరు. గాలి సోకింది అంటారు.

తొలికాన్పు పుట్టింట్లో అయింది. ఆడపిల్ల. మొదటి మూడు రోజుల పాలు మురికిపాలని చౌడేశ్వరి తల్లే వాటిని చెంబులోకి పిండి గోడవార పారబోసింది. బిడ్డకు ఆముదం నాకించి, బెల్లం నీళ్ళలో గుడ్డపీలిక ముంచి చప్పరించమని పెట్టారు. నాలుగో రోజు రొమ్ముకు పెట్టేసరికే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిదో రోజు పోయింది. బిడ్డ పోయినా పాలు ఆగలేదు. ఆగాలని రొమ్ములకు మల్లెపూలు కట్టారు. ఇల్లంతా పెళ్ళివారి ఇల్లులా వాసన. ఆ తర్వాత ఆ బిడ్డ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ కడుపు నిలవదని భయం. చౌడేశ్వరీ ఎత్తలేదు. రెండో కడుపు నిలిచాక మాత్రం ఆమెకు మిగతా మాటలు కూడా రాకుండా పోయాయి.

గంగక్క చెడ్డది కాదు. ఆరుగురిని కని ముగ్గురిని మిగుల్చుకున్న మనిషి. కోడలిని వెంటబెట్టుకుని మంత్రాలు వేసే గురప్ప దగ్గరకు తీసుకుపోయింది. గురప్ప నిమ్మకాయ కోసి రెండు చెక్కలూ వాసన చూశాడు.

"సచ్చిన బిడ్డ దీన్ని ఇడిసిపెట్టలేదు గంగక్కా. కాన్పయినాక పాలల్లోకి దిగుతాది. దీని పాలు బిడ్డకు ఒక్క చుక్క తాపద్దు."

"మరి బిడ్డ యెట్ల బతకాలప్పా?"

"మేకలు లేవా మీకు?"

మేకలు ఉన్నాయి. గంగక్క ఇంటికొచ్చి మొగుడు ఓబన్నతో చెప్పింది, కాన్పు నాటికి పాలిచ్చే మేకను ఒకదాన్ని ఇంటికాడ కట్టెయ్యమని. ఓబన్న సరేనన్నాడు. చౌడేశ్వరి మొగుడు తిప్పేష్‌ను ఎవరూ అడగలేదు, అతనూ ఏమీ అనలేదు. ఇదంతా చౌడేశ్వరి ఎదురుగానే జరిగింది. మాట్లాడని మనిషికి చెవులు కూడా ఉండవని ఆ ఇంట్లో అనుకున్నారు.

బుధవారం బుధవారం ఊరికి వచ్చే నర్సమ్మ హేమ కార్డు రాసుకుంటూ, అందరినీ అడిగేవి అడిగి, ఆఖరున అడిగింది.

"నిద్ర పడతాందా మ్మా?"

ఆ ప్రశ్న ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. చౌడేశ్వరి ఏడవడం మొదలుపెట్టింది. హేమ పెన్ను మూసి పక్కన కూర్చుంది. వీధిలో హేమ ఎక్కాల్సిన షేరాటో హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.

"ఆటో పాయె," అంది చౌడేశ్వరి ముక్కు తుడుచుకుంటూ.

"ఇంకోటి వస్తాది. బాయి గట్టుకు పోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"రెండుసార్లు పోయినా. లోపలుండేది తన్నె. ఎనక్కి వచ్చినా."

హేమ ఉలిక్కిపడలేదు, తిట్టలేదు. "గాలీ కాదు, గీలీ కాదు మ్మా. ఇది దిగులు. కడుపుతో ఉన్నోళ్ళకు వస్తాది, మందూ ఉండాది. రేపు నాతో కళ్యాణదుర్గం డాక్టరమ్మ దగ్గరికి రా. మళ్ళీ బాయి గుర్తొస్తే ఒక్కదానివే ఉండద్దు, ఎవర్నన్నా పిల్చుకో." తర్వాత మురికిపాల సంగతీ, గురప్ప చెప్పిన మాటా విని తల అడ్డంగా ఊపింది. "అవి మురికి కాదు. ముర్రుపాలు. పుట్టిన గంటలోపల అవే తాపాల. నీళ్ళొద్దు, ఆముదమొద్దు, మేకపాలొద్దు. నీ పాలల్లో ఏ దయ్యమూ ల్యా."

మరుసటి రోజు ఇద్దరూ బస్సెక్కి పోయి వచ్చారు. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడించి, మందు రాసి, పదిహేను రోజులకోసారి రమ్మంది. చౌడేశ్వరి రోజూ కొంచెం నిద్రపోయింది. కొంచెం తిన్నది. మాటలు మాత్రం దాచుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె మామకు సద్ది తీసుకుని మంద దగ్గరకు వెళ్ళింది. శెనక్కాయ పీకేసిన చేలో మంద. గొర్రెలు ఈనే రోజులు. అప్పుడే పడిన పిల్లను ఓబన్న కంబళి కొంగుతో తుడిచి, తల్లి పొదుగు దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. చన్ను పిండి మొదటి చుక్క బయటికి తెప్పించి, పిల్ల నోట్లో పెట్టాడు.

"బిరీన తాగు. ముర్రుపాలు పడకపోతే రేపటికి కాళ్ళు చాపుతావు," అన్నాడు పిల్లతో.

చౌడేశ్వరి నిలబడి చూసింది. పక్కన ఇంకో గొర్రె మేత ముట్టకుండా తల వాల్చుకుని ఉంది. తిప్పేష్ కట్టెతో దాన్ని మందలోకి తోలబోయాడు.

"రేయ్, దాన్ని కొట్టద్దు," అన్నాడు ఓబన్న. "పిల్ల సచ్చిన గొర్రె. దిగులు పడింది. నాలుగు దినాలు చేత్తో మేపాల."

అతనే లేచి మేతకని గుప్పెడు ఎండిన శెనగకట్టె ఆ గొర్రె మూతి దగ్గర పెట్టాడు.

"మామా," అంది చౌడేశ్వరి. మామ, మొగుడు ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె గొంతు విని చాలా నెలలైంది.

"దాన్ని గురప్ప దగ్గరికి తోలకపోతివా? నిమ్మకాయ కోసి చూస్తాడు గదా."

ఓబన్న చేతిలో శెనగకట్టె అలాగే ఉండిపోయింది.

"గొర్రెకైతే దిగులు. నాకైతే గాలి. గొర్రెపిల్లకు ముర్రుపాలు. నా బిడ్డకు మేకపాలు. ఇది యాడి న్యాయం మామా?"

ఓబన్న సద్ది విప్పుకుని తిన్నాడు. ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోతుంటే మాత్రం, "ఎండ్లో నిదానంగా పో మ్మా," అన్నాడు.

ఆస్పత్రికి పోదామని హేమ చెప్పిన తేదీకి పన్నెండు రోజుల ముందే నొప్పులు వచ్చాయి. బండి కట్టేలోపే, పొద్దు నడినెత్తికి రాకముందే, మంత్రసాని చేతిలో కాన్పయిపోయింది. ఆడపిల్ల. బిడ్డ ఏడుపు విని వాకిట్లో ఆడవాళ్ళు పోగయ్యారు. తిప్పేష్ మందకాడ ఉన్నాడు. ఓబన్న మేకను, దాని పిల్లను వేపగుంజకు చెరోపక్క కట్టేసి కూర్చున్నాడు.

గంగక్క బిడ్డను గుడ్డలో చుట్టి, ఆముదం గిన్నె తీసుకుని లేచింది.

"బిడ్డను ఇట్లియ్యత్తా," అంది చౌడేశ్వరి.

"మే, పండుకో నువ్వు. మేకపాలు పిండి తెస్తాడు మీ మామ."

గంగక్క గడప వైపు నడిచింది. ఆమె గడప చేరేలోపే చౌడేశ్వరి గోడ పట్టుకుని లేచింది. మంత్రసాని వద్దు వద్దంటున్నా వినకుండా పోయి గడపకు అడ్డంగా కూర్చుంది. కిందికి కారుతున్న నెత్తురు చూసుకోలేదు.

"ఈడ నుంచి బిడ్డ బయటికి పోదు. బయటి నుంచి పాలు లోపలికి రావు. నన్ను దాటి పోతావా, పో."

బాలింతను, అందులోనూ స్నానం కాని బాలింతను, దాటిపోయే ధైర్యం గంగక్కకు లేదు. వాకిట్లో ఆడవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు.

"యేమప్పో, పిండు ఆ మేకను," అని గంగక్క లోపలి నుంచే అరిచింది.

ఓబన్న మేక దగ్గరకు పోయాడు. చెంబు కింద పెట్టాడు. వేపగుంజకు అవతల ఉన్న మేకపిల్ల తాడు విప్పాడు. అది దూకి తల్లి పొదుగును పొడిచి పొడిచి తాగింది. తోక ఊపుడు ఆగిందాకా ఓబన్న చూసి, చెంబు బోర్లించాడు.

"పిండేదానికేం లేదు గంగీ."

"నువ్వూ దీని పక్కనే చేరితివా?"

"నేను గొర్రెలోణ్ణి. నాకు తెలిసిందే చేసినా."

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. గంగక్క దాన్ని ఊపుతూ నిలబడింది. ఆమె మొహంలో కోపం ఉంది, కోపం వెనక ఇంకేదో ఉంది.

"నేనూ పిండి పారబోసినా మే. ఆరుమందికీ. ముగ్గురు పాయిరి. నేనే సంపుకున్న్యానంటావా?"

"అనను అత్తా. నీకెవురూ చెప్పలేదు. నాకు చెప్పినారు. ఇప్పుడు నేను నీకు చెప్తాండా."

"రేపు బిడ్డకేమన్నా అయితే?"

"నేను జవాబు చెప్తా. దయ్యం మీద పెట్టను, నీమీద పెట్టను. ఇయ్యి."

గంగక్క వంగి బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది. పెట్టిందనడం కంటే వదిలేసిందనడం సరి. బిడ్డకు మొదట పట్టు చిక్కలేదు. రెండుసార్లు జారింది. ఓబన్న అటు తిరిగి నిలబడి, ఎవరితోనో అన్నట్టు, "మొదటి చుక్క పిండి పెదాలకు తగిలించాల," అన్నాడు. ఆమె అలాగే చేసింది. చిక్కగా, పసుపుపచ్చగా ఒక చుక్క వచ్చింది. బిడ్డ దాన్ని నాకి, నోరు తెరిచి పట్టుకుంది.

మంత్రసాని ఒక బొంత తెచ్చి నడుము వెనక ఎగదోసి, కింద గుడ్డ మార్చింది. గంగక్క ఆముదం గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే ఉంది.

"ఒక్క చుక్క నాకిద్దామా, కడుపు శుద్ధికి?"

"వద్దత్తా."

"చక్కెర నీళ్ళన్నా?"

"వద్దు."

"మరి నేనేం చెయ్యాల మే, ఊరికే నిలబడాల్నా?"

"నాకు పెట్టు. ఆకలైతాంది."

గంగక్క ఆముదం గిన్నె కింద పెట్టింది. "మిరియాల చారన్నం పెడతా."

"సంగటి పెట్టు. శెనక్కాయలు నూరిన ఊరిబిండి ఏసి పెట్టు."

"బాలింత శెనక్కాయలు తింటే పైత్యం."

"నా పైత్యం నేను పడతా. ముద్ద పెద్దది చెయ్యి."

గంగక్క ఏదో గొణుక్కుంటూ పొయ్యి దగ్గరకు పోయి, సంగటి కుండ మీద మూత తీసింది. చౌడేశ్వరి గడప మీద నుంచి లేవలేదు.