జగపతి మాట్లాడితే పడే నీడ

ఎండకాలం పార్టీ లీడరు జగపతి పటేల్ మీటింగ్ ఉన్నదంటే కాటారం ఆడోళ్లు పొద్దుగాల్నే వంట చేసుకొని, చాపలు చంకల పెట్టుకొని పోయేటోళ్లు. ఆయన మైకు పట్టుకొని 'వాతావరణ మార్పు' అంటే చాలు, మైదానం మీద నీడ పడేది. 'సుస్థిర అభివృద్ధి' అంటే ఇంకింత చిక్కబడేది. 'కర్బన తటస్థత' దాక పోయిండంటే చంటిపిల్లలు నిద్రపోవాల్సిందే. మామూలు మాటలకు ఆ నీడ రాకపోయేది. అందుకే ఇంట్ల మన లెక్కనే మాట్లాడే మనిషి, మైకు ముంగట మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడేటోడు. భూపాలపల్లిల సుత పెండ్లిళ్లకు పిలిచి మాట్లాడిపిచ్చుకునేటోళ్లు, పందిరి పని తప్పుతదని.

ఆ యేడు మార్చిల్నే ఎండలు మండిపోయినయి. జగపతి చేన్ల మిట్ట మధ్యాహ్నం కూలికి మిర్చి ఏరుకుంట బాలనర్సయ్య కుప్పకూలిండు. దవాఖానకు తీసుకపోయేలోపే పానం పోయింది. గుండె ఆగిందని జగపతి అందరికి చెప్పిండు. కూలీలు మళ్ల అదే చేన్లకు, అదే ఎండకు పోయిన్రు. అండ్ల బాలనర్సయ్య బిడ్డ రజిత సుత ఉన్నది, ఆమెకు ఆరో నెల.

వారానికి సంతాప సభ పెట్టిన్రు. "వాతావరణ మార్పు విసురుతున్న సవాళ్లను సమష్టిగా ఎదుర్కోవాలి" అన్నడు జగపతి. నీడ కమ్మింది. అందరు హాయిగ కండ్లు మూసుకున్నరు. బాలనర్సయ్య భార్య వనమాలకు మాత్రం కడుపు మండింది. లేచి స్టేజీ కాడికి పోయింది.

"పటేలా, నీ నీడ సల్లగనే ఉన్నది. మా ఇంటాయన ఎట్ల సచ్చిండో గా మైకుల చెప్పు. నా బిడ్డ రేపు గదే చేన్లకు పోవాలె."

చెప్తే నీడ పోతదని అందరికి ఎరుకే. పిల్లలను పండవెట్టుకున్నోళ్లు వనమాల దిక్కు గుర్రుగ చూసిన్రు. జగపతి చేతిల కాయితం చూసుకున్నడు, రజితను చూసిండు. చెడ్డోడేం కాదు పాపం, చప్పట్లకు అలవాటుపడ్డడు.

"బాలనర్సయ్య ఎండదెబ్బకే పోయిండు," అన్నడు. "నా చేన్లనే. ఇంటికి పోతనంటే, ఇంకొక్క సాలు ఏరి పొమ్మన్న."

నీడ పోయింది. ఎండ నెత్తి మీద పడ్డది. అయినా ఒక్కలు సుత లేవలే. రేపటి సంది పది కొట్టంగనే అందరు చేను ఇడిసి ఇంటికి పోవాలని చెప్పి, జగపతి మైకు పక్కన పెట్టిండు.

తర్వాత ఆయన ఎంత పెద్ద మాట పలికినా నీడ రాలే. ఆయనకు వస్తదనుకున్న పార్టీ టికెట్ ఇంకొకలకు పోయింది. అదంతా తర్వాతి ముచ్చట.

తెల్లారి పదిన్నరకు రజిత ఇంటికొచ్చింది. తలుపు కాడ్నే కూసున్న వనమాల బిడ్డను పట్టుకొని, మొగడు పోయిన సంది మొదటిసారి ఏడ్చింది.